చార్మినార్ సందడిలో మనసుకు కుదురు: ఇంట్లో, బజారులో, పనిలో పాటించే చిట్కాలు

మనసుకు కుదురు కావాలంటే ఊరికి దూరంగా ఎక్కడికో వెళ్లాలని చాలామంది అనుకుంటారు. వెళ్లగలిగినవాళ్లు వెళ్లొచ్చు. నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త విపశ్యన కేంద్రం ఉంది. పది రోజుల మౌన శిబిరాలకు అక్కడ రుసుమే తీసుకోరు. కానీ శాలిబండలో అత్తమామలనూ ఇద్దరు పిల్లలనూ చూసుకుంటూ, కుట్టుమిషన్ మీద నాలుగు రాళ్లు సంపాదించుకునే ఇల్లాలికి పది రోజుల తీరిక ఎవరిస్తారు? లాడ్‌బజార్‌లో పొద్దున షట్టర్ ఎత్తితే రాత్రి పదింటికి గాని దించని దుకాణదారుకు ఎవరిస్తారు?

చార్మినార్ చుట్టుపక్కల నిశ్శబ్దం కోసం కాచుకుని కూర్చుంటే ఈ జన్మకు దొరకదు. ఆటోల హారన్లు, తోపుడుబండ్ల కేకలు, పెళ్లి బరాత్‌లో మర్ఫా, పక్కింటి టీవీ, ఇవన్నీ మన రోజులో భాగమే. వాటి మధ్యనే సాధన చేయొచ్చని నేను గట్టిగా నమ్ముతాను. ఎరుకగా ఉండటానికి, మేలు తలచుకోవడానికి, మన మీద మనం కాస్త దయ చూపుకోవడానికి కావలసిన సరంజామా ఈ బస్తీలో ఎప్పటినుంచో ఉంది. కింది చిట్కాలన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. నచ్చిన రెండు తీసుకుని నెల రోజులు చేసి చూడండి.

1. అజాన్ వినిపించినప్పుడు ఆగండి.

మక్కా మసీదు నుంచి, గల్లీల్లోని చిన్న మసీదుల నుంచి రోజుకు ఐదుసార్లు అజాన్ వినిపిస్తుంది. నమాజు చేసేవాళ్లకు అది ప్రార్థనకు పిలుపు. మిగతావాళ్లకు ఆగమని గుర్తుచేసే చప్పుడుగా పనికొస్తుంది. చేతిలో పని కింద పెట్టండి. పొయ్యి మీద పాలుంటే మంట తగ్గించండి. మూడుసార్లు ఊపిరి పీల్చి వదలండి. పీల్చినదానికంటే వదలడం నెమ్మదిగా సాగాలి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది, శరీరంలో ఉన్న ఏర్పాటే అది. అందుకే నిదానంగా వదిలే ఊపిరి కంగారును దించుతుంది.

ఆ నిమిషంలో మంత్రం చదవక్కర్లేదు, ఆలోచనలను తరిమేయక్కర్లేదు. ఆలోచన వచ్చిందని గమనించి మళ్లీ ఊపిరి దగ్గరకు రండి. మనసు పదిసార్లు పారిపోతే పదిసార్లు వెనక్కి తెచ్చుకోండి. సాధన అంటే ఆ తెచ్చుకోవడమే. గుడి గంటకైనా, బడి గంటకైనా ఇలాగే ఆగొచ్చు.

2. గాజుల బట్టీ దగ్గర కాసేపు నిలబడండి, తర్వాత ఇంట్లో ఒక పని ఎంచుకోండి.

లాడ్‌బజార్‌కు గాజులు కొనడానికి అందరం వెళ్తాం. ఈసారి చేసేవాళ్ల పక్కన నిలబడి చూడండి. లక్కముద్దను బొగ్గుల వేడి మీద మెత్తబరుస్తారు. అది సాగే అదను వచ్చేదాకా తిప్పుతూ, ఒత్తుతూ సన్నని కడ్డీగా లాగుతారు. గుండ్రంగా చుట్టి, కొసలు అతికి, కొలతకు సరిచేస్తారు. ఇక మిగిలింది రాళ్లు పొదగడం. లక్క వేడిగా ఉండగానే ఒక్కో రాయినీ ఎత్తి వరసలో కూర్చోబెట్టాలి. లక్క చల్లారితే రాయి పట్టదు. మరీ కాగితే లోపలికి దిగిపోతుంది. పెళ్లికూతురి చేతికి వేసే ఒక్క జత మీద ఇలా కూర్చాల్సిన రాళ్లు ఎన్నో ఉంటాయి. ఇంటి అద్దె, పిల్లల ఫీజు ఆ చేతులకూ ఉన్నాయి, కానీ రాయి కుదురుకునేదాకా వాటి మీదికి ధ్యాస పోనివ్వడానికి వీల్లేదు. 2024లో హైదరాబాద్ లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపును సంపాదించిపెట్టింది ఈ ఒడుపే.

మీ ఇంట్లో కూడా అలాంటి పని ఒకటి ఉంటుంది. చింతపండు పిసకడం, మెంతికూర ఆకు తుంచడం, ఉతికిన బట్టలు మడతపెట్టడం, అంట్లు తోమడం, ఏదైనా సరే. రోజుకు ఒక్క పని. అది చేస్తున్నంతసేపు టీవీ వద్దు, ఫోన్ వద్దు. చేతికి తగిలే తడి, వేడి, గరుకు, ముక్కుకు తగిలే వాసన, వీటినే గమనిస్తూ చేయండి.

దీనివల్ల ఒరిగేదేమిటని అడిగేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 2010లో హార్వర్డ్ పరిశోధకులు మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ రెండు వేలమందికి పైగా మనుషులను ఫోన్‌లో వేళకాని వేళ పలకరించి, ఇప్పుడేం చేస్తున్నారు, మనసు ఎక్కడుంది, ఎలా ఉన్నారు అని అడిగారు. దాదాపు 47 శాతం సమయం మనసు చేస్తున్న పని మీద లేదని తేలింది. మనసు వేరేచోట ఉన్నప్పుడు సంతోషం తక్కువగా ఉంది. ఆ వేరేచోటు హాయైన ఊహ అయినా సరే, పని మీద మనసున్నవాళ్ల కంటే వాళ్లకు ఎక్కువ సంతోషమేమీ దొరకలేదు. పగటికలలు కంటే తప్పేంటి అని వాదించేవాళ్లు కాస్త ఆలోచించాల్సిన మాట ఇది.

3. చాయ్‌లో మొదటి మూడు గుక్కలు.

ఇరానీ చాయ్‌కి డికాషన్ వేరుగా, పాలు వేరుగా చాలాసేపు మరుగుతాయి. అంత ఓపికతో కాచినదాన్ని ఫోన్ చూస్తూ గొంతులో పోసుకోవడం అన్యాయం. కప్పు మొత్తం ధ్యానంగా తాగమని చెప్పడం లేదు. మొదటి మూడు గుక్కలు చాలు. కప్పు వేడి వేళ్లకు తెలియనివ్వండి. ఉస్మానియా బిస్కెట్‌లో తీపి తర్వాత వచ్చే ఉప్పును నాలుకతో పట్టుకోండి. నాలుగో గుక్క నుంచి క్రికెట్, రాజకీయాలు, చుట్టాల కబుర్లు, మీ ఇష్టం.

4. తలెత్తి చూడండి.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినార్‌ను చూడటానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. దాని పక్క నుంచి రోజూ పోయే మనం మాత్రం రోడ్డు మీది గుంతలను చూసుకుంటూ పోతాం. రోజుకు ఒక్కటి చూద్దామని పెట్టుకోండి. ఒకరోజు మినార్ అడుగున గచ్చుతో తీర్చిన పూరేకులు. ఒకరోజు 1889లో నాలుగు వైపులా అమర్చిన గడియారాల్లో మీరు వచ్చే వైపుది. ఒకరోజు కమాను మీద వాలిన పావురాలు. నిలబడి పది ఊపిర్లు చూసి, మీ దారిన మీరు వెళ్లండి.

పైకి మొత్తం 149 మెట్లున్నాయి. సందర్శకులను మొదటి అంతస్తు వరకే పంపుతారు. ఆ మెట్లు ఎత్తుగా, ఇరుకుగా ఉంటాయి. ఎక్కేటప్పుడు పాదం ఎక్కడ పడుతోందన్నది తప్ప ఇంకేమీ ఆలోచించే వీలుండదు. మోకాళ్లు సహకరించేవాళ్లకు అదే మంచి సాధన.

5. ఫోన్‌కు ఒక చోటు చూపించండి.

వంటింట్లో కాదు, పడక దగ్గర కాదు. దేవుడి గూటి కిందో, తలుపు పక్క అరలోనో. అన్నం తినేటప్పుడు అది అక్కడే ఉండాలి.

6. నల్లా కింద బిందె నిండుతున్నప్పుడు గండిపేటను తలుచుకోండి.

నల్లా వచ్చే వేళకు పాతబస్తీ ఇళ్లలో ఉరుకులు పరుగులే. డ్రమ్ములు, బకెట్లు నింపుకునే ఆ హడావిడిలో ఒక్క బిందెను మాత్రం చూస్తూ నింపండి. ఆ నీళ్ల వెనక ఉన్న కథ మన గల్లీల కథే.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచింది. వేలమంది కొట్టుకుపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టును గుర్తుపెట్టుకుని, ఏటా అదే తేదీన దాని కిందికి చేరి పోయినవాళ్లను స్మరించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మళ్లీ అలాంటి ఉపద్రవం రాకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట చెరువు, 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన చెరువులు ఊరి దాహం కూడా తీర్చాయి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ విడిచి పోలేడని పెద్దలు అనేది అందుకే. ఇప్పుడు మంజీర, కృష్ణ, గోదావరి నీళ్లు కూడా వాటికి తోడయ్యాయి.

నా మటుకు కృతజ్ఞతకు మొదటి మెట్టు ఇలా ఒక వస్తువు వెనక్కి వెళ్లి చూడటం. కట్ట పోసిన కూలీలు, ఫిల్టర్‌బెడ్ దగ్గర రాత్రి డ్యూటీలో ఉండేవాళ్లు, తెల్లవారుజామున మన గల్లీకి వచ్చి వాల్వు తిప్పే మనిషి, అందరూ ఆ బిందెలో ఉన్నారు. అది తెలిశాక కృతజ్ఞతను బలవంతంగా తెచ్చుకోవాల్సిన పని ఉండదు. నీళ్లు రాని రోజు కోపం వస్తుంది, రానివ్వండి. అడగాల్సినవాళ్లను గట్టిగానే అడగండి. మేలు తలుచుకునే మనిషి తన హక్కు వదులుకోవాలని ఎక్కడా లేదు.

7. వారానికి ఒకసారి రాయండి, రోజూ వద్దు.

రోజూ రాస్తే పదోరోజుకల్లా అది హోంవర్క్ అయిపోతుంది. 'ఇల్లు, పిల్లలు, ఆరోగ్యం' అని అవే మూడు మాటలు గీకేసి పుస్తకం మూసేస్తాం. 2003లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లో ఒక ప్రయోగంలో విద్యార్థుల చేత పది వారాలపాటు వారానికొకసారి రాయించారు. కొందరు ఆ వారం తమకు కృతజ్ఞత కలిగించిన సంగతులు ఐదు దాకా రాశారు. కొందరు విసిగించినవి రాశారు. మేలు రాసుకున్నవాళ్లు తమ బతుకు మీద ఎక్కువ తృప్తిగా, రాబోయే వారం మీద ఎక్కువ ఆశతో కనిపించారు.

శుక్రవారమో, ఆదివారమో ఒక పూట పెట్టుకోండి. పాత క్యాలెండర్ కాగితం వెనక వైపు చాలు. రాసేది మాత్రం విడమరచి రాయండి. 'అత్తమ్మ మంచిది' అని కాదు, 'మంగళవారం నాకు జ్వరమొస్తే అత్తమ్మ మోకాళ్ల నొప్పితోనే లేచి పిల్లలకు డబ్బాలు కట్టింది' అని. 'దుకాణం బాగా నడిచింది' అని కాదు, 'పక్క దుకాణం భాయ్ నేను బ్యాంకుకు పోయినప్పుడు గల్లా దగ్గర కూర్చున్నాడు' అని. వారం, మనిషి, పని, మూడూ ఉంటే ఆ కాగితం ఆర్నెల్ల తర్వాత చదివినా కళ్లకు కడుతుంది.

8. బోనం వండే రోజును తొందరలో పోగొట్టుకోకండి.

ఆషాఢంలో గోల్కొండలో మొదలైన బోనాలు చివరికి పాతబస్తీకి వస్తాయి. లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి గుడి దగ్గర ఆదివారం కాలు పెట్టడానికి చోటుండదు. మరునాడు అక్కన్న మాదన్న గుడి ఘటం ఊరేగింపు చార్మినార్ మీదుగా నయాపూల్ వైపు సాగుతుంది. గత్తర రాకుండా కాపాడు తల్లీ అని మొక్కినవాళ్లు, కాపాడినందుకు వండి పెట్టిన అన్నం ఇది. ఊరంతా కలిసి కృతజ్ఞత చెప్పే పండుగ ఇంత బాహాటంగా ఇంకొకటి నాకు కనిపించదు.

ఇన్ని పనుల మధ్య బోనం వంట కూడా ఇంకో పనిగా మారిపోతోంది. కనీసం ఆ అరగంట కాపాడుకోండి. కొత్తకుండకు పసుపు రాస్తున్నప్పుడు, పాలు, బెల్లం, బియ్యం ఉడుకుతున్నప్పుడు, వేపమండలు కడుతున్నప్పుడు కబుర్లు ఆపి, ఈ ఏడాది మీ ఇంటిని నిలబెట్టిన మనుషులను ఒక్కొక్కరినీ పేరుతో తలుచుకోండి. ఆపరేషన్ రోజు రక్తమిచ్చిన పిల్లవాడు, ఫీజు కట్టడానికి గడువిచ్చిన బడి వాళ్లు, చీటీ డబ్బు ముందే ఇప్పించిన అక్క. పండుగ అయ్యాక వాళ్లింటికి ప్రసాదం పంపండి. ఇక తలమీద దీపం వెలుగుతున్న కుండతో జనంలో నడిచే ఆడబిడ్డకు ఎరుక గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఆ నడకను ఆ ఒక్కరోజుతో మరిచిపోకండి.

బోనం ఎత్తే ఆనవాయితీ లేని ఇళ్లలో వేరే సందర్భాలున్నాయి. రోజా ఉన్నవాళ్లకు ఇఫ్తార్ వేళ మొదటి ఖర్జూరం, మొదటి గుక్క నీళ్లు ఎంత రుచిగా ఉంటాయో తెలుసు. రంజాన్ అయిపోయాక కూడా రోజులో మొదటి ముద్దను అంత నిదానంగా తినొచ్చు.

9. థ్యాంక్స్‌తో పాటు పనిని కూడా చెప్పండి.

'అన్నా, అంత వానలో కూడా గుమ్మం దాకా దింపినవు' అని ఆటో ఆయనతో అంటే, ఆ మాట ఆయన ఇంటికి తీసుకెళ్తాడు. చెత్తబండి అక్క, పాలబ్బాయి, ట్రాఫిక్‌లో నిలబడే హోంగార్డు, పొద్దున్నే డబ్బా కట్టిచ్చే ఇల్లాలు. ఇంట్లోవాళ్లకు చెప్పడానికే మనకు నోరు రాదు. అక్కడినుంచే మొదలుపెట్టండి.

10. కృతజ్ఞతతో దుఃఖాన్ని మూసిపెట్టకండి.

ఇంట్లో ఎవరైనా పోతే, ఉద్యోగం ఊడితే, 'నీకంటే కష్టంలో ఉన్నవాళ్లు ఎంతమంది లేరు, ఉన్నదానికి సంతోషించు' అని పరామర్శకు వచ్చినవాళ్లు అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ మాట ఏడ్చే మనిషి నోరు నొక్కేస్తుంది. 1908 వరదలో ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. ప్రాణం దక్కినందుకు సంతోషించి ఊరుకోలేదాయన. ఆ రాత్రి మీద కవిత రాశాడు, తర్వాత రుబాయీలతో పేరు పొందాడు. పోయినవాళ్ల కోసం ఏడవడమూ, బతికి ఉన్నందుకు దేవుడి వైపు చూడటమూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

కష్టం వచ్చిన ఇంటికి వెళ్తే సలహా వద్దు. పక్కన కూర్చోండి. తినడానికి ఏదైనా తీసుకెళ్లండి. మీకే కష్టం వస్తే ఆ వారం కృతజ్ఞత కాగితం ఖాళీగా వదిలేయండి, ఏమీ కాదు.

11. మిమ్మల్ని మీరు తిట్టుకునే మాటలు ఒకరోజు చెవిపెట్టి వినండి.

ఎరుక, కృతజ్ఞత, మన మీద మనకు దయ, ఈ మూడింటిలో మనవాళ్లకు అన్నిటికంటే కష్టమైనది చివరిదే. ఎరుక అంటే ఒప్పుకుంటారు, కృతజ్ఞత అంటే సంతోషంగా ఒప్పుకుంటారు, తన మీద తనకు దయ అంటే మాత్రం స్వార్థమనో, గారాబమనో ముఖం తిప్పుకుంటారు. ముఖ్యంగా ఆడవాళ్లు.

ఆదివారం చుట్టాలొచ్చారు. బగారా అన్నం అడుగంటింది. ఆ క్షణంలో లోపల ఏ మాటలు నడుస్తాయో వినండి. 'నాకు ఏ పనీ చేతకాదు. ఇన్నేళ్లొచ్చినా అన్నం వండటం రాలేదు. అందరి ముందు పరువు తీసుకున్నా.' ఇదే మీ చెల్లెలికి జరిగితే మీరేమంటారు? 'ఏం కాలేదు చెల్లె, పైపైన తీసేద్దాం. ఉల్లిగడ్డ కోసి పైన పెట్టు, మాడు వాసన పోతది. నువ్వు పోయి చల్లటి నీళ్లు తాగు.' ఒకే వంటిల్లు, ఒకే గిన్నె. చెల్లెలికి ఇచ్చిన నీళ్లు మనకెందుకు ఇచ్చుకోం?

టెక్సస్ విశ్వవిద్యాలయంలో పనిచేసే క్రిస్టిన్ నెఫ్ 2003 నుంచి ఈ విషయం మీదే రాస్తున్నారు. ఆమె చెప్పే మూడు అంశాలను ఆ గిన్నె దగ్గరే పెట్టి చూడొచ్చు. ముందుగా, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. అన్నం అడుగంటింది, నాకు సిగ్గుగా ఉంది. అంతవరకే నిజం, పరువు పోయిందన్నది మనం కలిపింది. తర్వాత, ఇది నా ఒక్కదానికే జరగలేదని గుర్తు చేసుకోవాలి. పెళ్లిళ్లకు డేగ్‌లలో వండే పేరున్న వంటవాళ్లకు కూడా ఎప్పుడో ఒకప్పుడు అడుగంటే ఉంటుంది. ఆఖరున, చెల్లెలితో అనే మాటను చెల్లెలితో అనే గొంతుతోనే మనతో మనం అనుకోవాలి. మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది. లోపల కాదు, బయటికే అనుకోండి, వంటింట్లో ఎవరూ వినరు.

ఇలా అయితే మనిషి బద్ధకస్తుడైపోడా అని పెద్దవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జూలియానా బ్రైన్స్, సెరెనా చెన్ 2012లో దీన్నే పరీక్షించారు. కష్టమైన పరీక్షలో తప్పిన విద్యార్థుల్లో, తమ మీద తాము దయ చూపుకోమని ప్రోత్సహించినవాళ్లు తర్వాతి పరీక్షకు ఎక్కువసేపు చదివారు. తిట్టు భయపెడుతుంది, భయపడినవాడు పుస్తకం తెరవడానికే జంకుతాడు. ఇంటర్ ఫలితాల రోజున ఇంట్లో ఒక్క పెద్ద మనిషికైనా ఈ సంగతి గుర్తుంటే చాలు.

మగవాళ్లకూ ఇది అవసరమే. సీజన్ దెబ్బతిన్న ఏడాది, అప్పు తీర్చలేకపోయిన నెల, కొడుకు ముందు తలెత్తుకోలేకపోయిన రోజు. పైకి చెప్పుకోరు గనక లోపలి తిట్లు ఇంకా ఘోరంగా ఉంటాయి.

12. అరచేయి గుండె మీద పెట్టుకోండి.

మాటలు రానప్పుడు ఇది పనికొస్తుంది. బస్సులోనైనా, ఆస్పత్రి వరండాలోనైనా ఎవరికీ తెలియకుండా చేయొచ్చు. చేతి వెచ్చదనం తగిలేదాకా ఆగండి.

13. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక్క పని 'నాతో కాదు' అని చెప్పండి.

గాజులు, చీరలు, అత్తరు, మేళం మాట్లాడటం, మెహందీ పిలుపులు, అన్నీ ఒక్కరి నెత్తినే పడతాయి. ఒకటి వదినకో, మరిదికో అప్పగించండి. వాళ్లు మీలా చేయకపోవచ్చు. చేయనివ్వండి.

14. పిల్లలను సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం దగ్గరకు తీసుకెళ్లండి.

పిల్లలకు కళ్లు మూసుకుని కూర్చోమని చెబితే రెండు నిమిషాల్లో కొట్లాట మొదలవుతుంది. కళ్లు తెరిచి చేసే సాధన వాళ్లకు బాగుంటుంది. కుక్ అండ్ కెల్వీ తయారుచేసిన మ్యూజికల్ క్లాక్ ముందు ప్రతి గంటకూ జనం పోగవుతారు. తలుపు తీసుకుని చిన్న గడ్డం బొమ్మ వస్తుంది, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. అది వచ్చేదాకా పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత గదులన్నీ పరుగెత్తించకండి. ఒక్క వస్తువు ముందు కూర్చోబెట్టండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెకాను మొదటి సాలార్‌జంగ్ 1876లో కొనితెచ్చాడు. రాతి ముసుగు వెనక ముఖం ఎలా కనిపిస్తోందో చెప్పమనండి. ముడతలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో వేలితో గాలిలో గీయమనండి. శుక్రవారం మ్యూజియం ఉండదు, చూసుకుని వెళ్లండి.

15. నిద్రపట్టనప్పుడు పాదాల నుంచి మొదలుపెట్టండి.

జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో దీర్ఘకాలిక నొప్పులున్న రోగుల కోసం ఒక శిక్షణ మొదలుపెట్టారు. అందులో ముఖ్యమైన అభ్యాసం ఇది. డాబా మీద చాపేసుకున్నా, గదిలో ఫ్యాన్ కింద పడుకున్నా చేయొచ్చు. కాలివేళ్ల నుంచి తలదాకా ఒక్కో చోటా మనసు నిలిపి, అక్కడ బిగువుందా, నొప్పి ఉందా, ఏమీ లేదా అని గమనిస్తూ రావడం. బాగుచేయడానికి ప్రయత్నించకూడదు. నడుం దగ్గరకు వచ్చేసరికి నిద్రపోతే సంతోషం.

16. ఇవి సరిపోని రోజులుంటాయి. అప్పుడు ఒంటరిగా ఉండకండి.

పెద్ద ప్రమాదమో, హింసో చూసినవాళ్లకు కళ్లు మూసుకుని ఊపిరి గమనిస్తే కంగారు ఇంకా పెరగవచ్చు. అలాంటివాళ్లు కళ్లు తెరిచే ఉంచి, పాదాలు నేలకు తగిలే చోటును, ఎదురుగా కనిపించే వస్తువులను గమనించండి. అదీ కష్టంగా ఉంటే ఆపేయండి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, పని గాడిన పడకపోతే, బతకాలనిపించకపోతే, అది చిట్కాలతో పోయేది కాదు. వైద్యం కావాలి, వైద్యం ఉంది. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. వెళ్లడానికి సిగ్గుపడాల్సింది లేదు. షుగర్‌కు డాక్టర్ దగ్గరకు వెళ్లమా? బయటికి వెళ్లలేనివాళ్ల కోసం 2022 అక్టోబర్‌లో మొదలైన టెలిమానస్ అనే ఫోన్ సేవ ఉంది. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరికో కావాల్సి రావచ్చు. ఆ నంబరును ఇవాళే ఫోన్‌లో దాచుకోండి: 14416.